చలి తగిలిన పాలకూర

జ్వరం తగ్గింది కానీ అమ్మకు నోరు చచ్చిపోయింది. ఏం పెట్టినా మట్టిలా ఉందంటూ రెండు ముద్దలు మింగి కంచం జరిపేస్తుంది. ఒకరోజు నేను కూరలో ఉప్పు వెయ్యడమే మరిచిపోయాను. ఆ సంగతి ఆమెకు తెలియనే లేదు. ఇలాగే తినకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సి వస్తుందని డాక్టరు తేల్చి చెప్పాడు. అప్పటినుంచి నాకు పొయ్యి వెలిగించాలంటేనే భయం.

పెరట్లో పాలకూర ఏపుగా ఉంది. కోసి, మరిగే నీళ్లలో ముంచి తీసి, చన్నీళ్లలో వేసి, గట్టిగా పిండి ముద్దలు చేసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే చలికాలమంతా వస్తుంది. కత్తెర పట్టుకుని బయల్దేరితే నాన్న అడ్డం నిలబడ్డాడు.

"ఇప్పుడే కొయ్యకు. ఒక్క గట్టి చలి తగలనీ. ఆకు తీపెక్కుతుంది. ఆ రుచైతే మీ అమ్మకి తెలుస్తుంది."

"మొత్తం పాడైపోతే?"

"పోదు."

బస్సు నడిపిన మనిషి. కండక్టరు ఎన్ని బెల్లులు కొట్టినా తనకు తోచినప్పుడే బండి కదిలించే రకం. నేను మాత్రం ఊరుకుంటానా? ఆ సాయంత్రం గాలి కొరికేస్తుంటే పాత దుప్పట్లు తెచ్చి మడంతా కప్పేశాను.

పొద్దున్న చూస్తే దుప్పట్లు మడతపెట్టి మెట్టు మీద ఉన్నాయి. ఆకులు మంచు పట్టి గాజుపెంకుల్లా బిగుసుకుని నేలకు కరుచుకుపోయాయి. నాకు ఒళ్లు మండింది.

"చంపేశావుగా నాన్నా. ఇంక అమ్మకేం పెడతావ్?"

"ముట్టుకోకు. ఇప్పుడు కోస్తే నీరుగారిపోతుంది. ఎండ రానీ," అన్నాడు. గొంతులో మునుపటి ధీమా లేదు. ఆయనకూ భయంగానే ఉందని అర్థమై నా కోపం సగం దిగిపోయింది.

ఆ దుప్పట్లే కప్పుకుని ఇద్దరం మెట్టు మీద కూర్చున్నాం. ఎండ గోడ దిగి మడి మీదికి వచ్చింది. ఆకులు మెత్తబడి ఒక్కొక్కటే తలెత్తాయి. ఆయన గుప్పెడు కోశాడు. ఉడుకు నీళ్లలో అలా వేసి ఇలా తీసి, నీళ్లు పిండేసి, అలాగే అమ్మ ముందు పెట్టాడు.

అమ్మ చాలాసేపు నమిలింది. నాన్న ఉండబట్టలేకపోయాడు.

"తియ్యగా ఉందా?"

"నా మొహంలా ఉంది. ఉప్పేది? ఇన్నేళ్లొచ్చినా మీకు ఉప్పెయ్యడం చేతకాలేదు."

నాన్న ఉప్పు డబ్బా కోసం వంటింట్లోకి వెళ్లాడు. ఎంతకీ రాలేదు. వెళ్లి చూస్తే డబ్బా గుండెకు ఆనించుకుని, గోడవైపు తిరిగి ఏడుస్తున్నాడు.

"కత్తెర తీసుకురా," అన్నాడు నావైపు చూడకుండానే. "ఇంక మొత్తం కోసేద్దాం."