ఎడమవైపు తలుపు

బాక్సింగ్ ఛాంపియన్‌కి ఎడమకన్ను సరిగా కనబడదన్న సంగతి, చూసిన డాక్టరుని వదిలేస్తే, ఈ భూమ్మీద ముగ్గురికే తెలుసు. ఒకడు ఛాంపియనే. రెండోది అతని భార్య. మూడోవాడు ఆమె తమ్ముడు, అంటే ఛాంపియన్‌కి బావమరిది. ముగ్గురికి తెలిశాక ఇంకా గుట్టేమిటండీ, మైకులో చెప్పినట్టే కదా అంటారేమో. వీళ్ళు అలాంటి బాపతు కాదు. నాలుగేళ్ళపాటు పక్కింటివాళ్ళకి కూడా పొక్కనివ్వలేదు.

ఆ కంటికి ఎదురుగా ఉన్నది మసగ్గా కనిపిస్తుంది. ఎడమపక్క ఉన్నది అసలు కనిపించదు. ఇంకొక్క గట్టి దెబ్బ ఆ కంటిమీద పడిందంటే లోపలి పొర ఊడిపోతుందనీ, ఆపైన ఎవరూ ఏమీ చెయ్యలేరనీ డాక్టరు మొహంమీదే చెప్పేశాడు. ఛాంపియన్ బుద్ధిమంతుడిలా తలూపి, బయటికొచ్చి, మర్నాడే ప్రాక్టీసుకి వెళ్ళాడు. మొండిఘటం! ముప్ఫై తొమ్మిదేళ్ళొచ్చాయి, నడుముకున్న బెల్టు మాత్రం వదలడు.

మరి ఏటా జరిగే కంటిపరీక్ష ఎలా గట్టెక్కేవాడంటారా? అక్కడుంది అసలు తమాషా. బాక్సింగ్ బోర్డు ఆఫీసులో అక్షరాల అట్ట ఎన్నేళ్ళయినా మారదు. భార్య రెండో తరగతి పంతులమ్మ. అట్ట మీది వరసలన్నీ కాగితం మీద రాసుకొచ్చి, చిన్నపిల్లాడికి ఎక్కాలు నేర్పినట్టు మొగుడికి నేర్పింది. ఒకపక్క కూరలు తరుగుతూ, "ఆరో వరస చెప్పు. ఊఁ, ఇప్పుడు వెనకనుంచి చెప్పు" అని వల్లె వేయించేది. తప్పు చెబితే మళ్ళీ మొదటికి. అలా నాలుగుసార్లు గట్టెక్కించింది. ప్రతిసారీ చివర, "ఇదే ఆఖరు కదూ?" అని అడిగేది. "ఇదే ఆఖరు, నీమీదొట్టు" అనేవాడు ఇతను.

రింగులో సంగతి బావమరిది చూసుకునేవాడు. పొద్దస్తమానం కుట్టుమిషను ముందు కూర్చునే దర్జీ, కానీ పద్దెనిమిదేళ్ళుగా బావ చేతులకి కట్టుకట్టేదీ, మూలలో స్టూలేసి నీళ్ళందించేదీ అతనే. కన్ను పోయాక అతనికి ఇంకో పని పెరిగింది. ఎడమవైపునుంచి దెబ్బ వస్తుంటే కిందనుంచి "తలుపు!" అని అరవాలి. వెంటనే ఛాంపియన్ ఎడమచెయ్యి లేపి చెంపకి అడ్డం పెట్టుకుంటాడు. వెనక్కి తగ్గాలంటే "గడప!" అని అరవాలి. వింటున్న జనం, వీళ్ళకేదో ఇల్లు కట్టే పిచ్చి పట్టిందనుకుని నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ, నాలుగేళ్ళు ఆ రెండు మాటలమీదే బెల్టు నిలబడింది.

ఈసారి ఎదురొచ్చినవాడు ఇరవై రెండేళ్ళ కుర్రాడు. గోడలకి రంగులేసుకుంటూ బతుకుతాడు, అందరూ పెయింటర్ అనే పిలుస్తారు. నిజానికి పోటీ వాడితో కాదు. అసలువాడికి మణికట్టు విరిగితే, ఇంకెవరూ దొరక్క వీణ్ణి పట్టుకొచ్చి నిలబెట్టారు. పేపర్లో ఫొటో కూడా వెయ్యలేదు. "ఈ సున్నాలబ్బాయి మూడో రౌండు చూస్తే గొప్పే" అని ఛాంపియన్ కూడా అన్నాడు. గెలిచి, బెల్టు నడుముకి ఉండగానే, నలుగురూ చప్పట్లు కొడుతుండగా దిగిపోవాలని అతని ఆశ. ఓడి దిగినవాణ్ణి ఎవడు గుర్తుపెట్టుకుంటాడు?

ఆదివారం మధ్యాహ్నం పోటీ. పది రౌండ్లు. గంట కొట్టీ కొట్టగానే పెయింటర్ ఎడమవైపుకి తిరిగాడు. మామూలుగా అందరూ ఛాంపియన్ కుడిచేతికి భయపడి ఎటుపడితే అటు పరిగెడతారు. వీడు అలా కాదు. కొలిచి గీత గీసుకున్నట్టు ఎడమపక్కకే, కనబడని చోటికే వెళ్ళాడు. అక్కణ్ణుంచి డొక్కలో ఒక్కటిచ్చాడు.

"తలుపు!" అన్న కేక వినబడేసరికి ఛాంపియన్ చెయ్యి లేపాడు. రెండో దెబ్బ మోచేతికి తగిలి ఆగింది.

రెండో రౌండూ అంతే. మూడోదీ అంతే. కేక వినబడ్డం, చెయ్యి లేవడం, సందు దొరికినప్పుడల్లా ఛాంపియన్ కుడిచెయ్యి వాణ్ణి రెండడుగులు వెనక్కి తోసెయ్యడం. లెక్కన ఛాంపియనే ముందున్నాడు. కానీ అతనికి మనసు మనసులో లేదు. వాడికి తెలుసు. ఎవరో చెప్పారు. ముగ్గురికి తెలిసిన సంగతి నాలుగోవాడి దగ్గరికెలా వెళ్ళింది?

నాలుగో రౌండులో ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని తాళ్ళమీద వాలారు. అప్పుడు కనబడింది, వాడి నిక్కరు పక్కకుట్టు. దగ్గర దగ్గరగా మూడు వరసల కుట్టు, కింద అంచు దగ్గర అడ్డంగా చిన్న ముడి. ఆ పని ఇంకే దర్జీకీ రాదు. ఛాంపియన్ వేసుకున్న నిక్కరుకీ అదే కుట్టు, అదే ముడి.

చూశారా, మనిషికి అనుమానం రావడానికి సాక్ష్యం ఎంతుండాలి? జానెడు దారం చాలు. అరికాలి మంట నెత్తికెక్కింది ఛాంపియన్‌కి.

రౌండు అయ్యాక స్టూలు మీద కూలబడి, నోట్లోని పళ్ళతొడుగు ఉమ్మేసి, "వాడి నిక్కరు నువ్వే కుట్టావా?" అన్నాడు.

బావమరిది నీళ్ళసీసా అందించాడు. "కుట్టాను బావా. వాళ్ళ గురువుగారు వచ్చి అడిగారు. నలుగురికీ కుడతాను గదా..."

"కొలతలు తీసుకుంటూ నా కన్ను సంగతి కూడా కొలిచి ఇచ్చావా?"

"అమ్మమీదొట్టు బావా, నేను చెప్పలేదు."

"నువ్వు చెప్పలేదు, నేను చెప్పలేదు. మీ అక్క చెప్పిందా?"

బావమరిది నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. తలొంచుకుని ఛాంపియన్ మెడమీద తడిగుడ్డ వెయ్యబోయాడు. ఆ మౌనం చూసేసరికి ఇంకేం తేలాలి, ఒప్పుకున్నట్టే అనిపించింది ఛాంపియన్‌కి. ఆ చెయ్యి విదిలించికొట్టాడు.

"నా ఇంట్లో పెరిగావు కదరా! సొంత తమ్ముడికంటే ఎక్కువ చూశాను కదరా! నీకు ఏం తక్కువ చేశానని ఈ వెన్నుపోటు? పో. దిగిపో. నా మూలలో నీ మొహం కనబడకూడదు."

"ఈ ఒక్క పోటీ ఉండనీ బావా. తరవాత చంపినా సరే. నేను అరవకపోతే నీకు..."

"దిగమన్నానా!"

ముందు వరసల్లో జనం కూడా విన్నారు. బావమరిది తడిగుడ్డని బకెట్టు అంచుమీద ఆరేసి, మెట్లు దిగి, జనంలో కలిసిపోయాడు. నీళ్ళు మోసే ముసలాయన ఒక్కడే మిగిలాడు. ఆయనకి తలుపూ తెలియదు, గడపా తెలియదు.

ఐదో రౌండులో కేక లేదు. దెబ్బ ఎక్కణ్ణుంచి వస్తోందో తగిలాక గాని తెలియడం లేదు. ఎడమ డొక్కలో ఒకటి, అక్కడే ఇంకొకటి, ఊపిరి తీసుకునేలోగా మూడోది. కంటిమీద పడుతుందేమో, ఇప్పుడు పడుతుందేమో అని ఛాంపియన్ ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్నాడు. మొహానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంటే డొక్క ఖాళీ అవుతోంది. డొక్క కాచుకుంటే మొహం ఖాళీ. ఆరో రౌండు అయ్యేసరికి పక్కటెముకలు నిప్పుల్లా మండుతున్నాయి. నిజం చెప్పొద్దూ, బావమరిది గొంతు కోసం అతని చెవి వెతుక్కుంది. వెతుక్కుంటున్నందుకు తనమీద తనకే అసహ్యం పుట్టింది.

ఏడో రౌండులో చేతులు రెండూ కిందకి జారాయి. మొహం బార్లా తెరుచుకుంది. ఎడమ చెంప పక్కన గాలి కదలడం తెలిసింది. అయిపోయింది, కన్ను పోయింది అనుకున్నాడు. కానీ ఆ గ్లోవు రాలేదు. మధ్యలో ఆగి, కిందికి తిరిగి, మళ్ళీ ఆ డొక్కలోనే పడింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఇంతసేపట్లో వీడు ఒక్కసారి కూడా మొహంమీద కొట్టలేదు. దయతలుస్తున్నాడు. నిన్నమొన్నటి సున్నాలబ్బాయి తనని దయతలుస్తున్నాడు! ఛాంపియన్ వాణ్ణి రెండు చేతులా వాటేసుకుని చెవిలో అరిచాడు.

"కొట్టరా! మొహంమీద కొట్టు!"

"కొట్టను." నోట్లో తొడుగు ఉండి మాట ముద్దముద్దగా వచ్చింది. "మాటిచ్చాను."

"ఎవడికి?"

"టీచరుగారికి."

రిఫరీ ఇద్దర్నీ విడదీశాడు. ఆపైన ఏం జరిగిందో ఛాంపియన్‌కి సరిగా గుర్తులేదు. ఎనిమిదో రౌండులో డొక్కలో ఇంకొకటి పడితే మోకాలి మీద కూర్చుండిపోయాడు. రిఫరీ లెక్కపెడుతున్నాడు. లేవగలడు. కాళ్ళలో ఆ మాత్రం సత్తువ ఉంది. కానీ లేచి ఎవరికోసం గెలవాలి? బెల్టు తీసుకెళ్ళి ఏ ఇంట్లో గోడకి తగిలించాలి? ఆరు, ఏడు, ఎనిమిది. నేలమీది మరకలు చూస్తూ అలాగే ఉండిపోయాడు. పది అన్నాక జనం గోల పైకప్పుకి తగిలింది. అందులో తనపేరు లేదు.

భార్య ఎప్పుడూ పోటీలకి రాదు, చూడలేనంటుంది. ఆవేళ బట్టలు మార్చుకునే గదిలో అద్దం పక్కన నిలబడి ఉంది. బడికి వెళ్ళే చీరే కట్టుకుంది.

"నువ్వా?" అన్నాడు.

"నేనే. మా బడికి రంగులు వెయ్యడానికి వచ్చాడు. నిచ్చెన కింద నిలబడి చెప్పాను. నీకు ఎడమపక్క కనబడదని చెప్పాను. గెలువు నాయనా, ఆ కంటి జోలికి మాత్రం వెళ్ళకు అన్నాను."

"గెలిచే దారి చూపించావన్నమాట!"

"ఊరికే జాలిపడమంటే ఎవరు పడతారు? వాడికీ ఏదో ఒకటి ఇవ్వాలిగా. నా దగ్గరున్నది అదే, ఇచ్చాను."

"నన్ను అమ్మేశావే!"

"అమ్మేశాను," అంది. మాట వెనక్కి తీసుకోలేదు. "నాలుగేళ్ళు అక్షరాలు నేర్పాను కదా, ఆ పాపం ఎవరిదనుకున్నావు? ఒక్కొక్క అక్షరం నేర్పిస్తూ, నీ కన్ను నా చేత్తో పొడుస్తున్నట్టే ఉండేది. ప్రతిసారీ ఇదే ఆఖరన్నావు, నామీద ఒట్టేశావు. ఇక నిన్ను అడగడం దండగని తెలిసిపోయింది."

ఛాంపియన్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఏడుపొస్తోంది, కోపమొస్తోంది, రెంటిలో ఏది ముందు రావాలో తేలలేదు. ఊరంతా ఒక్కటై వెన్నులో పొడిచినా తట్టుకునేవాడేమో. తొమ్మిదో ఎక్కం అప్పజెప్పించుకున్నట్టు ఆరో వరస అప్పజెప్పించుకున్న ఆ నోటితోనే చెప్పేసింది.

"వాడికి తెలుసా?" అన్నాడు చివరికి. "మీ తమ్ముడికి?"

"తెలుసు. కంటి జోలికి రానని పెయింటర్ మాటిచ్చాకే వాడికి చెప్పాను. నువ్వు అరవడం మానెయ్యరా, రెండు రౌండ్లలో ఓడిపోయి ఇంటికొచ్చేస్తాడు అన్నాను. ఛస్తే మాననన్నాడు. రింగులో ఉన్నంతసేపూ బావకి నేనే కన్ను, ఆ పని నావల్ల కాదక్కా అన్నాడు. నేను పెయింటర్‌కి చెప్పిన సంగతి మాత్రం నీకు చెప్పొద్దని కాళ్ళావేళ్ళా పడి ఒట్టేయించుకున్నాను."

ఛాంపియన్‌కి తల తీసేసినట్టయింది. మూలలో ఆ నోరు ఎందుకు తెరుచుకుందో, ఎందుకు మూసుకుందో ఇప్పుడర్థమైంది. అంతమంది ముందు తిట్టించుకుని, అక్క పేరు మింగేసి వెళ్ళిపోయాడు. డొక్క పట్టుకుని, గ్లోవ్స్ కూడా తియ్యకుండా, గది దాటి వెళ్ళాడు.

బావమరిది వసారాలో, గేటుకి దగ్గరగా బెంచీమీద కూర్చుని ఉన్నాడు. ఛాంపియన్ ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"తప్పయిపోయిందిరా," అన్నాడు. "నిక్కరు చూసి నిన్ను అనుమానించాను. నా అంత దౌర్భాగ్యుడు ఇంకోడు లేడు. ఒక్కముక్క, అక్క చెప్పింది అంటే సరిపోయేది కదరా! ఎందుకనలేదు?"

"అంటే ఐదో రౌండుకి లేచేవారా మీరు?"

ఛాంపియన్ తెల్లబోయాడు. "మీరేంట్రా? ఒరేయ్, తిట్టు. బావా అని నాలుగు తిట్టు, పడతాను. ఇలా మాట్లాడకురా."

బావమరిది లేచి నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహంలో కోపం మాత్రం లేదు. పద్దెనిమిదేళ్ళ చనువంతా ఎవరో కడిగేసినట్టుంది.

"బయట కారొచ్చింది," అన్నాడు. "ఎడమపక్క మెట్టుంది బావగారూ, చూసుకుని దిగండి."

అని, దారి వదిలి పక్కకు తప్పుకున్నాడు.