జానెడు దూరంలో అరకిలో

పాండురంగం బరువు అరవై రెండు కిలోలే. కానీ మంగళవారం నుంచి, పిలిస్తే ఇటు తిరగడానికి అతనికి పదకొండు నిమిషాలు పడుతోంది.

ఇవాళ శుక్రవారం. పాలు కాగుతుండగా అతని భార్య అలివేలు "ఏవండీ" అంటుంది. అతని చెవి కనిపించేసరికి పాలు పొంగుతాయి. ముక్కు కనిపించేసరికి మీగడ కడుతుంది. మొహం పూర్తిగా ఇటు వచ్చేసరికి పాలు చల్లారిపోతాయి, ఎందుకు పిలిచిందో ఆమె మర్చిపోతుంది.

మంగళవారం ఏం జరిగిందో మాత్రం ఆమెకి బాగా గుర్తు. పాండురంగం పని నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ ఏదో పాట కూనిరాగం తీశాడు. పద్దెనిమిదేళ్ల కాపురంలో పాటన్నది ఎరగని మనిషి. అలివేలు అతని రెండు భుజాలూ పట్టుకుని "ఏమిటి కథ?" అని అడిగింది. "ఏం లేదు" అంటూ అతనూ ఆమె భుజాల మీద చేతులు వేశాడు. ఏం లేనివాడు పాడతాడా? నిప్పు లేనిదే పొగ రాదు.

ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరూ ఏదీ ముట్టుకోవడం లేదు. తలుపులు మోచేతులతో తీస్తున్నారు, కంచాల్లో అన్నం దానంతట అదే తగ్గిపోతోంది. ఆ సంగతి ఇద్దరూ ఎత్తరు.

మొండితనం అలివేలుకి కొత్త కాదు. ఆటోనగర్‌లో ఇంజన్ల బరువు చక్రాలకి, అంటే ఫ్లైవీళ్లకి, జడత్వ భ్రామకం లెక్కగట్టే షెడ్డులో ఆమె పదేళ్లుగా పనిచేస్తోంది. తిరగనని మొరాయించే ఆ గుణం బరువొక్కదానిలోనే ఉండదు, ఆ బరువు ఇరుసుకి ఎంత దూరాన ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. అదే ఇనుము ఇరుసు దగ్గరుంటే వేలితో తిప్పొచ్చు, అంచుకి జరిపితే రెండు చేతులూ కావాలి. దూరం రెట్టింపైతే మొండితనం నాలుగింతలు.

కాబట్టి, బరువు పెరగకుండా మొగుడు మొండికేశాడంటే, ఆ బరువులో కొంత ఎక్కడికో దూరంగా జరిగిందన్నమాట. ఎవరి దగ్గరికి జరిగిందో తేలాలి. అది నిజమైతే ఆ ఇంట్లో ఇక తను ఉండదు.

"షెడ్డుకి రండి. మిమ్మల్ని కొలవాలి."

పదకొండు నిమిషాల తర్వాత పాండురంగం "సరే" అంటాడు. దారిలో మలుపు ఒక్కటే కాబట్టి తొందరగానే చేరతారు.

షెడ్డు కప్పు నుంచి దిగిన మూడు తీగలకి ఒక గుండ్రటి పళ్ళెం వేలాడుతుంది. దాని మీద వస్తువు పెట్టి, కాస్త మెలితిప్పి వదిలితే అటూ ఇటూ ఊగుతుంది. ఎంత నిదానంగా ఊగితే అంత మొండిఘటం. తిప్పే మస్తాన్ మేస్త్రిది రోజూ ఒకటే మాట, ఖాళీ పళ్ళెం ముందు అని. పళ్ళెం మొండితనం ముందే కొలిచి లెక్కలోంచి తీసెయ్యకపోతే, పళ్ళెం తప్పు కూడా వస్తువు నెత్తినే పడుతుంది.

ఇవాళ అలివేలుకి అంత ఓపిక లేదు. "ముందు ఆయన్ని ఎక్కించండి మేస్త్రి గారూ" అంటుంది.

మేస్త్రి తిప్పి వదిలి స్టాప్‌వాచ్ నొక్కుతాడు. ఆమె ఇరవై ఊగులు లెక్కపెట్టి, మిగతా లెక్క మనసులోనే చేస్తుంది.

"ఒక కిలో, మూడు వీధుల అవతల ఉంది."

"పళ్ళెం ఒరగలేదు కదమ్మా" అంటాడు మేస్త్రి. "ఒకవైపే ఉంటే ఒరిగేది. అరకిలో ఇటు, అరకిలో అటు ఉండుంటది."

అంటే ఇద్దరు. అలివేలుకి ఒళ్లు మండిపోతుంది. తూర్పున మూడో వీధిలో లేడీస్ టైలరు ఉంది. సరిగ్గా దానికి ఎదురు, పడమటి మూడో వీధిలో సంగీతం టీచరు ఉంది. పాట అక్కడిదన్నమాట. టైలరేమో బ్యాలెన్సుకి. ఎంత జాగ్రత్తపరుడు! ఇదంతా ఆమె పైకే అనేస్తుంది.

పళ్ళెం మీంచి పాండురంగం గొంతు వస్తుంది. "నేను ఏ టైలర్నీ ఎరగను."

"అంటే సంగీతం టీచరు తెలుసన్నమాట."

"ఖాళీ పళ్ళెం తియ్యలేదమ్మా" అని మేస్త్రి గుర్తుచేస్తాడు.

పాండురంగం దిగుతాడు. ఎవరూ లేని పళ్ళెం అలిగిన అత్తగారిలా బరువుగా ఊగుతుంది. అలివేలు ఆ లెక్క తీసేస్తుంది. మూడు వీధులు రెండవుతాయి, రెండు ఒకటవుతాయి. టైలరూ సంగీతం టీచరూ లెక్కలోంచి రాలిపోతారు. చివరికి దూరం జానెడు మిగులుతుంది.

ఆమె భర్త మెడకి అటు జానెడు, ఇటు జానెడు చూస్తుంది. అతని భుజాల మీద రెండు చేతులున్నాయి. ఎడమ చేతికి నూనె చింది కాలిన మచ్చ ఉంది. ఆ మచ్చ ఆమెదే. తన మణికట్లకేసి చూసుకుంటే, గాజుల తర్వాత ఏమీ లేదు.

ఆమెకి సిగ్గేస్తుంది. సిగ్గుకంటే ఎక్కువ భయం వేస్తుంది. వదిలేస్తే మనిషి తేలికైపోతాడు. తేలికైన మనిషి ఎటైనా తిరగొచ్చు.

"వదులు అలివేలూ" అంటాడు పాండురంగం. "తిరగలేకపోతే నిన్నెట్టా చూసేది?"

ఆమె వదులుతుంది. చేతులు షెడ్డుకి అడ్డంగా ఎగిరొచ్చి, గాజుల్లోంచి దూరి మణికట్లకి అతుక్కుంటాయి. పాండురంగం ఒక్క క్షణంలో ఇటు తిరుగుతాడు. నాలుగు రోజులుగా నిద్రలేని మొహం. ఆ మొహం మీద ఆమెకి జాలి కలుగుతుంది.

మేస్త్రి ఇందాకటి బరువు రాసిన కాగితం చూసి గడ్డం గోక్కుంటాడు. "ఆయన మీద నీ రెండు చేతులు కూర్చున్నప్పుడు కిలో పెరగాలి కదమ్మా. మరి అరవై రెండే ఎందుకుంది?"

అలివేలు లెక్కవేస్తుంది. కిలో వచ్చినా బరువు పెరగలేదంటే, ఇంకో కిలో పోయుండాలి. పాండురంగం చొక్కా చేతులకి గుండీలు పెట్టే ఉన్నాయి. వాటిలోంచి ఏమీ బయటికి రావడం లేదు. ఆమె తన భుజం చూసుకోవాలని తల తిప్పబోతుంది. తల తిరగదు.

"మీరెందుకు పట్టుకున్నారు?"

"మొగుడు పాట పాడితే నువ్వెందుకు ఉలిక్కిపడ్డావా అని."

"ఎక్కమ్మా" అంటాడు మేస్త్రి.

"ఖాళీ పళ్ళెం ముందు" అంటుంది అలివేలు.

మేస్త్రి పళ్ళెం తిప్పి వదులుతాడు. పళ్ళెం కదలదు. దాని చుట్టూ షెడ్డు ఊగుతుంది, షెడ్డుతోపాటు రోడ్డు, రోడ్డుతోపాటు మూడు వీధుల అవతలి ఇళ్లు నిదానంగా అటూ ఇటూ ఊగుతాయి. ఆమె భుజాల మీద మొగుడి పది వేళ్లు మంగళవారం నాటి పాటకి తాళం వేస్తుంటాయి. అలివేలు ఆ తాళాన్ని బట్టి ఊరి ఊగులు లెక్కపెడుతుంది.