జిగురు లేని అతుకు

విమానం రెక్క విప్పుతానంటే మా నాన్న ససేమిరా అన్నాడు. చచ్చిన పామును మళ్లీ చంపడమెందుకన్నాడు. నాకా, వద్దన్న పనే ముద్దు. ఫ్లయింగ్ క్లబ్ వాళ్లు షెడ్డు ఖాళీ చేస్తూ దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తామంటే, వ్యాను మాట్లాడి ముక్కలన్నీ మా వడ్రంగి షాపుకి తెచ్చేశాను.

అది కిందొక జత, పైనొక జత రెక్కలున్న చిన్న విమానం. ఇద్దరు కూర్చోవచ్చు. ఒళ్లంతా చెక్క, పైన గుడ్డ. ఒకప్పుడు దాన్ని క్లబ్ కోసం మా ఇంటివాళ్లే బాగుచేశారు. చెక్కపని నాన్నది. నడపడం మా మామయ్యది, అంటే అమ్మ తమ్ముడిది. రెక్కలకు గుడ్డ కుట్టింది మామయ్య భార్య, మా అత్తయ్య. కొత్త గుడ్డతో పైకి లేచిన మొదటి రోజే పై రెక్క మీద గుడ్డ పరపరా చిరిగిపోయింది. విమానం కుప్పకూలింది. మామయ్య పోయాడు.

కుట్టు ఊడిందన్నారు. దగ్గరికెళ్లి చూసినవాళ్లు లేరుగానీ అనేవాళ్లకేం కొదవ? చిరిగిన గుడ్డ అందరికీ కనిపించింది, కుట్టిందెవరో అందరికీ తెలుసు. ముప్పై ఏళ్లుగా అత్తయ్య ఆ మాటను నెత్తిన మోస్తోంది. చొక్కాకి గుండీ ఊడినా ఆవిడ సూది పట్టదు. తప్పు కుట్టుది కాదని తేలితే మిగిలిన కాలమైనా తలెత్తుకు తిరుగుతుందని నా ఆశ. అందుకే విప్పాను.

ముందు చిరుగు చూశాను. కుట్టు చెక్కుచెదరలేదు. దాని పక్కన గుడ్డ చిరిగింది. నాకు గంతులేయాలనిపించింది. లోపల ఏం కదిలి గుడ్డను చింపిందో చూద్దామని మిగతాదంతా ఒలిచేశాను.

రెక్క లోపల పొడవాటి దూలాలు, వాటికి అడ్డంగా పక్కటెముకల్లా సన్నటి చెక్కలు. విరిగిన పాలతో చేసే పాతకాలపు జిగురే ప్రతి అతుకునూ పట్టి ఉంచేది. సన్న మేకులు ఆ జిగురు ఆరేదాకా కాపలా కాయడానికి మాత్రమే. పక్కలకు పొంగిన జిగురును నాన్న బొటనవేలితో రాసేవాడు. ఆ వేలిముద్రలన్నీ అలాగే ఎండి ఉన్నాయి. గోడలనిండా నీ వేళ్ల మరకలే అని అమ్మ ఆయన్ని సాధించడం గుర్తొచ్చి నవ్వుకుంటూ ఒక్కో అతుకూ తడిమాను.

చిరుగు కింది అతుకు మీద వేలిముద్ర లేదు. మేకులున్నాయి. ఇలా పట్టుకుంటే చెక్క ఊడి చేతిలోకొచ్చింది. అతుకు లోపల శుభ్రంగా ఉంది, జిగురు తగిలిన జాడే లేదు. "నాన్నా!" అని కేకేశాను.

నాన్న రంపం పక్కన పెట్టి వచ్చాడు. నా చేతిలోని చెక్కను చూశాడు, నన్ను చూడలేదు.

"కలిపిన జిగురు గట్టిపడిపోయింది ఆ రోజు. కొత్తది కలుపుకొద్దామని, ముందు మేకులు కొట్టి వెళ్లా. ఇంతలో ఇంజను దగ్గరికి పిలిచారు. తిరిగొచ్చి చూస్తే మేకులున్నాయి కదా, అయిపోయిందనుకున్నా."

"నీకెప్పుడు తెలిసింది?"

వంగి కిందపడ్డ మేకు ఏరుకున్నాడు.

"నిన్నే నాన్నా."

"కూలిన రోజే. ముక్కలేరింది నేనే కదే. ఎన్నిసార్లు ఆ షెడ్డుకెళ్లానో, తగలబెట్టేద్దామని. చేతులు రాలేదు."

నాకు ఒళ్లు మండిపోయింది.

"అతికించెయ్యవే," అన్నాడు. "ఇప్పుడు చెబితే పోయినవాడొస్తాడా? ఆవిడకేం లోటు చేశాను? జ్వరమొచ్చినా నేనే, పైకప్పు కారినా నేనే."

"చేసిందంతా చేసి ఇంకా లెక్కలు కూడానా? నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

కన్నతండ్రి మీద అలా అరిచి నేనే ఏడ్చాను. అంత కోపంలోనూ ఆయన మీద ప్రేమ చావలేదు, అదే నా బాధ.

కాసేపటికి అత్తయ్య టీ ఫ్లాస్కుతో వచ్చి గుమ్మంలోనే ఆగింది. నాన్న నా చేతిలోని చెక్క తీసుకుని ఆవిడ చేతిలో పెట్టాడు. జిగురు సంగతి, మేకుల సంగతి, తనకు ఆ రోజే తెలిసిన సంగతి, ఒక్కటీ దాచకుండా చెప్పాడు.

అత్తయ్య చెక్కను తిప్పి తిప్పి చూసింది. "అయితే కుట్టు ఊడలేదా?"

"లేదు చెల్లెమ్మా. ఇప్పటికీ గట్టిగానే ఉంది."

తేలికపడుతుందనుకున్నాను. ఆవిడ ముఖం జేవురించింది.

"ఆయన్ని తీసుకెళ్లిపోయాక నీ కాళ్ల మీద పడ్డాను అన్నయ్యా. నా చేతులతో నేనే చంపుకున్నానని ఏడ్చాను. గుర్తుందా?"

నాన్న తల దించుకున్నాడు.

"నన్ను లేపి ఏమన్నావు?"

అత్తయ్య ఆ చెక్కను బల్ల మీద పెట్టింది.

"'పోనీలే చెల్లెమ్మా, నువ్వు కావాలని చేశావా' అన్నావు," అంది అత్తయ్య. "నన్ను క్షమించావు."