తాడు కట్టిన చోటు

మా బావతో బయటికి వెళ్లడమంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. హోటల్లో పక్క టేబుల్ మీది సీసా అడగకుండా లాక్కుంటాడు. క్యూ కనిపిస్తే చాలు, మోచేతులతో దారి చేసుకుని ముందుకు పోతాడు. అలాంటి మనిషి, నేను పనిచేసే బీచికి అక్కనూ కూతురినీ వెంటబెట్టుకుని వస్తానన్నాడు. వద్దనడానికి నోరు రాలేదు. అక్క మొగుడాయె.

అది అటవీశాఖ కాపలాలో ఉన్న తీరం. తాబేళ్లు వచ్చి గుడ్లు పెట్టిపోతాయి. సర్ఫింగుకు అక్కడి అలలు పెట్టింది పేరు. నేర్పడానికి అనుమతి నా ఒక్కదానికే ఉంది, దానికీ ఒక షరతు: నేను తీసుకొచ్చినవాళ్లు గుడ్ల జోలికి వెళితే ఆ రోజుతో నా అనుమతి రద్దు. నాకు మరో బతుకుతెరువు లేదు. కారు దిగగానే బావకు నెత్తీ నోరూ బాదుకుని చెప్పాను.

"గుడ్ల జోలికి మాత్రం వెళ్లకండి, బావా. నా పని పోతుంది."

"నాకేం పని, మరదలా? ఆమ్లెట్ వేసుకుంటానా?" అని పగలబడి నవ్వాడు. అక్క కూడా నవ్వింది. ఆయన నవ్వితే తనూ నవ్వాలి, అదో అలవాటు.

పాపను బోర్డెక్కించి అలల్లోకి తీసుకెళ్లాను. పిల్ల పడుతూ లేస్తూ, చివరికి ఒక అల మీద నిలబడింది. మురిసిపోతూ ఒడ్డుకొచ్చి చూద్దును కదా, ఇసుకలో పెద్ద గొడుగు. దాని కింద బావ కాళ్లు బారజాపుకుని చిప్స్ నములుతున్నాడు. పక్కన నాలుగు కర్రలు, చుట్ట చుట్టిన తాడు. తాబేలు గుడ్ల చుట్టూ అటవీశాఖ గార్డు కట్టిన తాడు అది.

"ఎవడో తాడు కట్టి జాగా ఆపుకున్నాడు," అన్నాడు బావ. ఆయన టెంట్లు వేసే కాంట్రాక్టరు. "మా ఫీల్డులో ఇది మామూలేలే. ముందురోజే వచ్చి కట్టిపోతారు, పొద్దున్నే మేం పీకేసి మా గుంజలు పాతేస్తాం. ఇక్కడ ఇసుక కూడా భలే మెత్తగా ఉంది. ఒక్క పోటుకే దిగిపోయింది!"

నేను గొడుగు పట్టుకుని పైకి లాగాను. ఇనప రాడ్డు పొడుగునా పచ్చటి జిగురు, దానికి అంటుకుని తెల్లటి పెంకు ముక్కలు. నీచు వాసన గుప్పుమంది.

బావకు చీమ కుట్టినట్టయినా లేదు. రాడ్డు చేత్తో తుడిచి, ఆ చేత్తోనే మళ్లీ చిప్స్ పొట్లం అందుకున్నాడు. "వందకు పైగా పెడతాయటగా. నాలుగు పోతే తల్లేమైనా లెక్కపెట్టుకుంటుందా?" అంటూ కాలితో ఇసుక కప్పేశాడు. అక్క గబగబా కర్రలు పాతడం మొదలుపెట్టింది. పాప మాత్రం ఏడుస్తూ నా వెనక్కి వచ్చి నిలబడింది.

అంతలో గార్డు రానే వచ్చాడు. కలబెట్టిన ఇసుకనీ వంకర కర్రల్నీ చూసి ఆగిపోయాడు.

"మేమొచ్చేసరికే ఇలా ఉందండీ," అన్నాడు బావ, తడుముకోకుండా. "సర్ఫింగ్ నేర్చుకునే కుర్రాళ్లెవరో తొక్కేసినట్టున్నారు."

ఆ కుర్రాళ్లు నా దగ్గర నేర్చుకునే ఊరిపిల్లలే, కానీ నేను లేనప్పుడు తమంతట తామే వస్తుంటారు; అప్పుడు చేసిన తప్పు నా లెక్కలోకి రాదు. గార్డు నావైపు చూశాడు. అక్క నా చెయ్యి గట్టిగా నొక్కి, "ఊఁ అనవే. నీకేం పోయింది?" అని గొణిగింది.

ఊఁ అంటే నా పని నిలుస్తుంది, ఏ పాపం ఎరగని పిల్లలు మళ్లీ ఈ ఇసుక మీద అడుగుపెట్టలేరు. ఆ మనిషి అబద్ధంలో నేనూ ఒక ముద్ద తిన్నట్టవుతుంది. తలుచుకుంటేనే అసహ్యం వేసింది.

"ఈయన మా బావ," అన్నాను. "తీసుకొచ్చింది నేనే. గొడుగు పాతింది ఆయనే."

గార్డు వంగి ఒక వంకర కర్రను సరిచేసి, నావైపు తిరిగాడు. "రూలు మీకు తెలుసు కదా, టీచరుగారూ," అని, ఇబ్బందిపడుతూనే నా మెడలోని అనుమతి కార్డు తీసుకున్నాడు. బావను నాలుగు చీవాట్లు పెట్టి, ఇంకోసారి కనిపిస్తే ఊరుకోనని చెప్పి వెళ్లాడు.

"ఇంతేనా!" అన్నాడు బావ. "నేనింకా కేసనుకున్నా." చేతులు దులుపుకుని, గొడుగు భుజాన వేసుకుని కారువైపు నడిచాడు.

అక్క హమ్మయ్య అనుకుంటూ నా చెయ్యి పట్టుకుంది. "పోనీలే చెల్లీ. ఏదో నీ పనితో పోయింది. మీ బావకేం కాలేదు, అదే పదివేలు."

పుట్టి బుద్ధెరిగాక, మా అక్క చెయ్యి విదిలించుకోవడం అదే మొదటిసారి.