పళ్ళకి ఎన్నేళ్ళు?

చైతన్య ఆఫీసులో మనిషి సుఖానికి అంకె వేస్తారు. ఒక వైద్యానికి డబ్బు పెడితే ఎంత ఆయుష్షు కలిసొస్తుంది, అది ఎంత హాయిగా గడుస్తుంది అని తేల్చడం హైటెక్ సిటీలో కూర్చున్న అతని జట్టు పని. ఏ బాధా లేని ఏడాదికి ఒకటి. బాధ ఉన్న ఏడాదికి ఒకటి కంటే తక్కువ. వినడానికి వింతగా ఉన్నా, జీతాలు మాత్రం బాగానే ఇస్తారు.

ఈసారి పని ఒక బీమా కంపెనీది. ఉద్యోగుల తల్లిదండ్రుల పాలసీలో, దవడకి బిగించే కట్టుడు పళ్ళని చేర్చాలా వద్దా? అది తేలాలంటే పెద్దవాళ్ళని ఒక ప్రశ్న అడగాలి. "పళ్ళు లేకుండా పదేళ్ళు బతుకుతారనుకోండి. పళ్ళన్నీ ఉండాలంటే అందులో ఎన్నేళ్ళు వదులుకుంటారు?" ఎంత ఎక్కువ వదులుకుంటే బాధ అంత పెద్దదన్నమాట.

ఎక్కడెక్కడో తిరగడం దేనికి, ఎవరింట్లో పళ్ళు పోయిన పెద్దవాళ్ళని వాళ్ళే అడిగేస్తే సరి అన్నాడు చైతన్య. జట్టుకి పెద్ద అతనే కాబట్టి అందరికీ ఆ ఆలోచన నచ్చింది. పైగా అతనికి సొంత ఆశ ఒకటుంది. నాన్న వెంకటరామయ్యకి కింది పళ్ళన్నీ పోయాయి. తీసి పెట్టుకునే పళ్ళసెట్టు చిగుళ్ళని కోస్తోందని డబ్బాలో పడేశాడు. బిగించేవి పెట్టిస్తానంటే "ఈ వయసులో నాకెందుకురా, దండగ" అంటాడు. పాలసీలో వస్తే ఆ మాట అనడానికి వీలుండదు.

ఆదివారం పొద్దున మణికొండ ఫ్లాట్‌లో చైతన్య ప్రశ్న చదివాడు. తెనాలి కరెంటాఫీసులో చేసి రిటైరైన వెంకటరామయ్య శ్రద్ధగా విన్నాడు.

"ఒక్క రోజు కూడా వదులుకోను. నాకేం లోటురా? బాగానే ఉన్నాను."

సోమవారం చూస్తే అందరి అమ్మానాన్నలదీ అదే మాట. అందరూ నిక్షేపంలా ఉన్నారు. ఆ లెక్కన పళ్ళు లేకపోవడం నష్టమే కాదు, వైద్యం శుద్ధ దండగ. చైతన్యకి ఒళ్ళు మండింది.

జట్టులో ఓంకార్‌ది నార్సింగి. "అన్నా, మా అమ్మ జ్వరమొచ్చినా బాగనే ఉన్న అంటది," అన్నాడు. "మీ నాయనని నేనడుగుత, మా అమ్మని నువ్వడుగు."

సరేనన్నాడు చైతన్య. ఎవరేం చెప్పినా వాళ్ళ పిల్లలకి చెప్పకూడదని షరతు కూడా పెట్టాడు.

మళ్ళీ ఆదివారం నార్సింగిలో ఓంకార్ తల్లి భూలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకునే జవాబిచ్చింది. "రెండేండ్లు తీస్కో బిడ్డా. పెండ్లిలకు పోతలేను. నలుగుర్ల నవ్వాల్నంటే సిగ్గయితది. మావోనికి చెప్పకు, ఫికర్ జేస్తడు."

తిరుగుదారిలో చైతన్య కారు పక్కకి ఆపి, అదే పొద్దున మణికొండ వెళ్ళొచ్చిన ఓంకార్‌కి ఫోన్ చేశాడు. "మా నాన్న ఏమన్నారు?"

"చెప్పొద్దని నువ్వే అంటివి కదన్నా."

ఓంకార్ గొంతు ఎప్పటిలా లేదు.

ఇంట్లో భోజనాల వేళ వెంకటరామయ్య రోజూ అనే మాటే అన్నాడు. "మీరు తినేయండి, నాకింకా ఆకలి లేదు." ఏడాదిగా అందరూ తిన్నాక ఒక్కడే తింటాడు. అదో అలవాటనుకున్నాడు చైతన్య. ఎంత తెలివితక్కువతనం. ఇవాళ భార్య రసజ్ఞని తినేయమని చెప్పి, తను మాత్రం కంచం ముట్టుకోకుండా కూర్చున్నాడు.

చాలాసేపటికి నాన్న వచ్చాడు. కొడుకుని చూసి తటపటాయించి, పక్కనే కూర్చుని మజ్జిగన్నాన్ని గుజ్జుగా పిసకడం మొదలుపెట్టాడు. చైతన్య తను పెట్టిన షరతు తనే తప్పాడు.

"ఓంకార్‌కి ఎన్నేళ్ళు చెప్పారు నాన్నా?"

పిసికే చెయ్యి ఆగింది. "నాలుగు."

"నాతో ఒక్క రోజు కూడా ఇవ్వనన్నారుగా?"

"ఆ అబ్బాయి పరాయివాడు, అడిగాడు, చెప్పాను." వెంకటరామయ్య కంచంలోకే చూస్తున్నాడు. "ఆ నాలుగేళ్ళూ నీ దగ్గర ఉండాల్సినవి కదరా. వదిలేస్తానని నీతోనే ఎలా అనను?"

చైతన్యకి ఏడుపొచ్చింది.

"పాలసీలో వచ్చినా రాకపోయినా రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం."

ఈసారి వెంకటరామయ్య దండగ అనలేదు. "ముందు అన్నం తిను, చల్లారిపోయింది," అన్నాడు.