ట్రెస్లర్ కార్ల వంకర మూల

లోర్నా పెట్రోస్కీ ముప్పై నాలుగేళ్లు కింబర్ టౌన్ హైస్కూల్లో లైబ్రేరియన్‌గా చేసింది. రిటైరయ్యాక పూలమొక్కలు పెంచుకుంటుందిలే అనుకున్నారంతా. ఆవిడేమో పాత కార్ల వెంట పడింది. అన్నీ కాదు, ఊరి మెయిన్ రోడ్డు మీద ఒకప్పుడు ఓ వెలుగు వెలిగిన ట్రెస్లర్ మోటార్స్ వాళ్లు అమ్మినవి మాత్రమే.

అప్పట్లో కంపెనీ నుంచి బుద్ధిగా వచ్చిన కారును ట్రెస్లర్ వాళ్లు వెనక షెడ్డులోకి తోసుకెళ్లి, ఉన్న ఇంజన్ పీకి, దానికి ఒకటిన్నర రెట్లుండే ఇంజన్ దింపేవారు. క్వారీ రోడ్డు మీద పందేలు కాసే కుర్రాళ్లు వాటికోసం ఎగబడేవారు. లోర్నా పదహారో ఏట అలాంటి కారు ఒకసారి ఎక్కింది. రెండో మలుపులో దిగి వాంతి చేసుకుంది. అయినా ఆ ఇంజన్ మోత మాత్రం ఈ రోజుకీ ఆవిడ చెవుల్లోంచి పోలేదు.

చిక్కేమిటంటే, షెడ్డులో జరిగిన పని కంపెనీ రికార్డుల్లో ఎక్కడా ఉండదు. డీలరు దగ్గరున్న కాగితాలేమో వరదలో పోయాయి. లోర్నా అంచనాలో అలాంటివి ఇరవై ఆరు కార్లు. నికరంగా తేలి, ఆవిడ రాసుకునే రిజిస్టర్లోకి ఎక్కినవి తొమ్మిది. "మాదీ ట్రెస్లర్ కారే" అంటూ ఉత్తరాలు రాసినవాళ్లు మాత్రం రెండు వందల పైచిలుకు.

ఆ షెడ్డులో పనిచేసినవాళ్లలో ఇప్పుడు బతికున్నది వెర్ల్ స్టకీ ఒక్కడే. ఎనభై దాటాయి. నాలుగేళ్లుగా లోర్నా ఆయన్ని బతిమాలుతూనే ఉంది. "కార్లు బాగుచేశాం, ఇంటికెళ్లాం. ఇందులో చెప్పడానికేముందమ్మాయ్?" అని తలుపు వేసేసేవాడు. చివరికి ఫైర్ స్టేషన్ మైదానంలో జరిగే కార్ల ప్రదర్శనకి ఆయన్ని రప్పించింది చరిత్ర కాదు, చర్చి ఆడవాళ్లు అక్కడ వేయించి అమ్మే పిరోగీలు, అంటే బంగాళాదుంప కూరిన కజ్జికాయల్లాంటివి.

ఆ శనివారం మైదానంలో అందరి కళ్లూ డారెల్ వుకోవిచ్ తెచ్చిన ఆకుపచ్చ కారు మీదే ఉన్నాయి. డారెల్‌కి యాభై ఉంటాయి. ఆరేళ్లు ఓపిగ్గా దాన్ని బాగుచేయించాడు. మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు, అంత నిగనిగలాడుతోంది.

"మేడం, ఈసారి మీ రిజిస్టర్లో పదో నంబరు నాదే. రాసుకోండి" అన్నాడు.

"రాయాల్సింది నేను కాదు బాబూ, చెప్పాల్సింది ఈయన" అంది లోర్నా, పక్కనే పిరోగీలు తింటున్న వెర్ల్‌ని చూపించి.

వెర్ల్ చేతిలోని పళ్లెం ఆవిడకిచ్చి, వేళ్లు తుడుచుకుని, బానెట్ ఎత్తించాడు. ఇంజన్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. బానెట్ అడుగున, రేకులో కోసిన కన్నం అంచు వెంట వేలితో తడిమాడు.

"ఇది నా పని కాదు."

"అదేంటి పెద్దాయనా! ఇంకోసారి చూడండి."

"చూశానయ్యా. చాలా బాగుంది. నేను పుట్టి ఇంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. డారెల్ చెవులు ఎర్రబడ్డాయి. వెర్ల్ తాపీగా విప్పి చెప్పాడు. పెద్ద ఇంజన్ దింపాక బానెట్ మూతపడేది కాదు. రేకు కోసి, పైన డబ్బా బిగించాలి. కొలత కోసం ఒక అట్టముక్క చేసుకున్నాడు. వారం తిరిగేసరికి నూనెకి నాని దాని కుడి మూల ఊడిపోయింది. కొత్తది చేసుకోవడానికి బద్ధకం. అందుకని ఆ తర్వాత కోసిన ప్రతి కన్నానికీ కుడి మూల ఒంకరే. పైన డబ్బా కప్పేస్తుంది కాబట్టి ఎవరూ చూడరు.

డారెల్ వంగి ఆ కన్నం మూల తనూ తడిమి చూశాడు.

"పాత బానెట్ నేను మార్పించేశాను" అన్నాడు నెమ్మదిగా. "మూల ఒంకరగా ఉంటే... ఎవడో తాగి కోశాడనుకున్నా."

"తాగలేదు. భోజనం వేళయ్యేది, ఆకలేసేది" అన్నాడు వెర్ల్.

లోర్నా పళ్లెం పక్కన పెట్టేసింది. ఆరేళ్లు శ్రద్ధగా చేయించిన పనితో ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ చేజేతులా తీసేసుకున్నాడు. "పాతదెక్కడుంది? పారేశావా?"

"మా బావమరిది పట్టుకుపోయాడు. ఎందుకో ఏమో."

ఎందుకో అరగంటలో తెలిసింది. బావమరిది మిలన్ పెరట్లో కుక్కగూటికి పైకప్పు అదే. పైన రెండు వరసలు తారుకాగితం పరిచి, చుట్టూ మేకులు కొట్టేశాడు. గూట్లోంచి డచెస్ అనే ముసలి ఆడకుక్క గుర్రుమంది.

"బావా, అది పీకావో, అక్కకి ఫోన్ చేస్తా" అన్నాడు మిలన్ గూటికి అడ్డం నిలబడి.

"పీకను లేరా. చూసి పోతాం."

"చూడాలంటే లోపలికెళ్లాలి. అది నన్నే రానివ్వదు."

ఎవరు వెళ్లాలని వీళ్లు వాదించుకుంటూండగానే వెర్ల్ గడ్డిలో వెల్లకిలా పడుకుని తల గూట్లోకి దూర్చేశాడు. లోర్నా కెవ్వుమంది. గుర్రు ఆగింది. కాసేపు బయట రెండు బూట్లు తప్ప ఆయన కనిపించలేదు.

"టార్చి ఇవ్వమ్మాయ్!" అని లోపల్నుంచి వినబడింది. "మొహం నాకుతోంది. పిరోగీ వాసన తగిలినట్టుంది."

లోర్నా టార్చి అందించింది. తర్వాత పెద్ద నవ్వు, దగ్గు.

"ఉందే! కుడి మూల! అబ్బ, ఎంత దరిద్రంగా కోశానో!"

లోర్నా అంతటితో ఒప్పుకునే మనిషి కాదు. ఆ బానెట్ ఈ కారుదేనని ఏమిటి నమ్మకం? డారెల్ ఫోన్లో వెతికి, కారు తెచ్చుకున్న నాటి ఫొటో చూపించాడు. ఆవపిండి రంగు కారు, బానెట్ ముందు అంచున మూడు వడగళ్ల సొట్టలు. మిలన్ గొణుక్కుంటూ ఆ అంచు దగ్గర తారుకాగితం ఎత్తాడు. అదే రంగు, అవే మూడు సొట్టలు. ఆవిడ రెండుసార్లు లెక్కపెట్టింది. మూడోసారి లెక్కపెట్టబోతే డారెల్ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"పదో నంబరు" అంది లోర్నా.

బేరం డచెస్ పేరు మీద కుదిరింది. నిగనిగలాడే ఆకుపచ్చ బానెట్ గూటికెక్కింది, తుప్పు పట్టిన పాతది కారుకెక్కింది. వచ్చే నెల పోటీలో జడ్జీలు మార్కులు కోసేస్తారని మిలన్ హెచ్చరించాడు. "కోసుకోనీరా. అడిగినవాళ్లకి చెప్పడానికి నాకు కథ ఉందిగా" అన్నాడు డారెల్.

తిరుగు దారిలో లోర్నా కారు నడుపుతుంటే వెర్ల్ పక్క సీట్లో కూర్చున్నాడు. చొక్కా నిండా కుక్క వెంట్రుకలు. ఉన్నట్టుండి, ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టాడు.

"నేనొక్కణ్నే కోశాననుకుంటున్నావేమో. రేకు కదలకుండా పట్టుకునేది ఆర్విన్ టూమీ. ఇంజన్ దింపేది లెరాయ్ గేన్స్. ఇంజన్ వేలాడే గొలుసు పట్టుకుంటే చాలు, కొలత అక్కర్లేదు వాడికి. రాత్రి కన్సాస్‌కి ఫోన్లు చేసి, లేని సామాన్లు పుట్టించేది డొలోరెస్. ఆవిడ పేరు ఏ బోర్డు మీదా లేదు."

లోర్నా సిగ్నల్ వేసి మొక్కజొన్న చేను పక్కన కారు ఆపేసింది. పదేళ్లుగా ఆవిడ రిజిస్టర్లో ఛాసిస్ నంబర్లూ రంగులే గానీ మనుషులు లేరు. సంచి తడిమితే పెన్ను దొరికింది, కాగితం దొరకలేదు. ప్రదర్శన కరపత్రం వెనక్కి తిప్పింది.

"డొలోరెస్ ఇంటిపేరు?"

"ఉండు, గుర్తు తెచ్చుకోనీ. తొందరపెట్టకు" అన్నాడు వెర్ల్, కళ్లు మూసుకుని.

ఆవిడ ఇంజన్ ఆపేసి కూర్చుంది.