మిరపకాయకు నేర్పిన వినయం

గుర్రాల కంపు నాకు అలవాటే. లద్దె ఎత్తుతాను, చీము పట్టిన డెక్కలు కడుగుతాను, ఈగలు ముసిరిన కళ్లు తుడుస్తాను. ఆ పనులకు రాని వాంతి, కొనడానికి వచ్చినవాళ్ల ముందు మా ఆయన చేతులు కట్టుకుని, తల వంచుకుని, "మా గుర్రానికి కోపమంటే తెలీదండీ" అన్నప్పుడు వస్తుంది. నక్క వినయాల గురించి పెళ్లికి ముందు వినడమే గాని, కాపురానికి వచ్చాకే కళ్లారా చూశాను.

ఇంటి వెనక రేకుల కొట్టం, అందులో నాలుగు గుర్రాలు, దాని ముందు కంచె వేసిన ఇసుక నేల. ఇదే మా బతుకు. లేత గుర్రాలను తెచ్చి, మచ్చిక చేసి, సవారీ నేర్చుకునేవాళ్లకు అమ్ముతాం. మచ్చిక చేయడమంటే నెలల పని. పక్కన నడవాలి, చేత్తో దాణా పెట్టాలి, జీను వీపు మీద పెట్టి తీసి, పెట్టి తీసి, దానికి భయం పోయి విసుగు వచ్చేదాకా చేయాలి. అంత ఓపిక మా ఆయనకు లేదు. మా మామగారికీ ఉండేది కాదట. అందుకే ఆయన ఒక అడ్డదారి కనిపెట్టి, కొడుక్కి ఆస్తిలా అప్పగించి పోయారు.

కొనేవాళ్లు వస్తారనగా ముందురోజు సాయంత్రం గుర్రం తలపట్టీకి తాడు వేసి, పైన దూలానికి బిగించి కట్టేస్తారు. ఇక దానికి తల దించే వీలుండదు, గడ్డి అందదు, కునుకు పట్టదు. తెల్లారేదాకా అలా మెడ సాచుకుని నిలబడితే నరాలు లాగేస్తాయి. పొద్దున తాడు విప్పగానే తల మోకాళ్ల దాకా వాలిపోతుంది. ఎవరు తాకినా, ఎవరు ఎక్కినా కుక్కిన పేనులా పడి ఉంటుంది. దీన్ని మా ఇంట్లో "వినయం నేర్పడం" అంటారు. మర్నాటికి గుర్రం తేరుకుంటుంది. అప్పటికి అది కొన్నవాళ్ల ఇంట్లో ఉంటుంది కాబట్టి మాకేం బాధ లేదు.

మొదటిసారి చూసినప్పుడు చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. మా అత్తగారు మాత్రం, పెద్దాయన వేసిన ముడి ఇంతకంటే అందంగా ఉండేదని చెప్పుకుని మురిసిపోయారు. చివరికి ఒక్క షరతు మీద నోరు మూసుకున్నాను. మా ఎనిమిదేళ్ల అమ్మాయి కంట ఈ పని పడకూడదు. దానికి గుర్రాలంటే ప్రాణం, రేపు ఈ కొట్టం దానిదే. దాని చేతులకు ఈ రోత అంటకపోతే చాలనుకున్నాను. ఆయన సరేనన్నారు. తాడు కట్టే సాయంత్రాలన్నీ అమ్మాయిని లోపలి గదిలో కూర్చోబెట్టి, తలుపు వేసి లెక్కలు చేయించేదాన్ని.

ఈసారి వంతు మిరపకాయది. ఎర్ర ఆడగుర్రం, ఆ పేరు అమ్మాయే పెట్టింది. పేరుకు తగ్గ గుర్రమే. బకెట్లు తన్నేస్తుంది, నాడాలు కొట్టడానికి వచ్చినవాడి భుజం కొరికి పంపింది. అలాంటిదాన్ని మందుల షాపాయన తన కూతురి కోసం చూడటానికి వస్తున్నాడు. చిన్నపిల్ల కిందకు ఇది పనికిరాదు, కొన్నాళ్లు ఆగితే నేనే దారికి తెస్తానని మా ఆయనకు చెప్పాను. నీతులు చెప్పడం తేలికేనంటూ ఆయన తాడు తీసుకుని కొట్టంలోకి వెళ్లారు.

పొద్దున్నే తండ్రీకూతుళ్లు వచ్చారు. పిల్ల బక్కపలచగా ఉంది, తండ్రి చొక్కా అంచు వదలడం లేదు. మిరపకాయ కంచె పక్కన తల వేలాడేసుకుని నిలబడింది. కింది పెదవి జారిపోయి చొంగ కారుతోంది. చెవుల వెనక పట్టీ ఒరుసుకున్న చోట వెంట్రుకలు ఊడి, చర్మం పుండులా ఎర్రబడింది. మా ఆయన దాని మీదకు జూలు సర్ది, ఎంత నెమ్మదో చూడండి అన్నారు. షాపాయన నిజంగానే మెచ్చుకున్నాడు. ఇంత మర్యాద తన షాపులో పనివాళ్లకు కూడా లేదన్నాడు. అత్తగారు పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు కంపరమెత్తింది.

ఆ పిల్ల మాత్రం ఎక్కనంది. తండ్రి ఎంత బతిమాలినా అడుగు కదపలేదు. మీ అమ్మాయి ఒకసారి ఎక్కి చూపిస్తే మా అమ్మాయికి ధైర్యం వస్తుందని షాపాయన అడిగాడు. నేను మా ఆయన ముఖంలోకి చూశాను. ఏదో ఒక వంక చెబుతారనుకున్నాను. మనిషి ఎంత దిగజారినా ఆఖరి మెట్టు ఒకటుంటుంది కదా. ఆయన ఇంటివైపు తిరిగి అమ్మాయిని కేకేశారు.

అది పరుగెత్తుకుంటూ వచ్చింది. నేను వద్దంటూ అడ్డం వెళ్లాను. అది నన్ను తప్పించుకుని గుర్రం దగ్గర ఆగింది. మెడ కింద చెయ్యి పెట్టి, కండ నొక్కి చూసి, తండ్రివైపు తలెత్తింది.

"నాన్నా, తెల్లారేదాకా కట్టే ఉంచావా? మధ్యలో విప్పలేదుగా? అయితే ఎక్కుతా."

ఏం కట్టారని షాపాయన అడిగాడు. మా ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డారు. అత్తగారు జీను పట్టీ గురించి ఏదో అల్లబోయారు. నేను వెళ్లి జూలు పక్కకు తీసి చూపించాను.

"నిన్న సాయంత్రం నుంచి దూలానికి కట్టేశారండీ. ఇప్పుడు దానికి తల ఎత్తే ఓపిక లేదు. రేపు దీనిమీద మీ పాపను ఎక్కిస్తే మీ షాపులో మందులన్నీ చాలవు."

షాపాయన మా ఆయన్ని ఎగాదిగా చూసి, కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయాడు. నాలుగు తిట్టి వెళ్లినా బాగుండేది.

ఇంటి గుట్టు వీధిలో పెట్టానని మా ఆయన నా మీద విరుచుకుపడ్డారు. నేను మిరపకాయను తొట్టి దగ్గరకు నడిపించి, అది నీళ్లు తాగుతుంటే, ఇదంతా నీకెవరు చెప్పారని అమ్మాయిని అడిగాను. నానమ్మ చెప్పిందట. నేను మధ్యాహ్నాలు దాణా తేవడానికి వెళ్లినప్పుడల్లా కుర్చీ కాలికి తాడు కట్టి, ముడి వేయడం కూడా నేర్పుతోందట.

తండ్రి కోపం చూసి అది బిక్కముఖం వేసింది. మెల్లగా వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది.

"బాధపడకు నాన్నా. ఈసారి ఎవరూ లేనప్పుడు అడుగుతాలే."

ఆయన కోపమంతా చల్లారిపోయింది. దాన్ని ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నారు. అచ్చం తాత పోలికేనని అత్తగారు కళ్లు ఒత్తుకున్నారు. అది తండ్రి భుజం మీదుగా, నేను కూడా మెచ్చుకుంటానేమోనని నా వైపు చూసి నవ్వింది. నా కన్నబిడ్డను చూసి నాకు అసహ్యం వేసింది.